‘సూపర్ రా’ అని పాటను చంపేయకండి

ఇంట్లో కూర్చుని రాక్ పాట రికార్డు చేసి, తానే మిక్స్ చేసుకుని, ‘అన్నా, ఒకసారి విని చెప్పవా’ అని పంపిన కుర్రాడికి మనవాళ్ల దగ్గర రెండే జవాబులున్నాయి. ఒకటి ‘సూపర్ రా’. రెండోది ‘వాయిస్ పెంచు’. మొదటిది వినకుండా అన్న మాట. రెండోది సినిమా పాటకు అలవాటుపడ్డ చెవి అలవాటుగా అన్న మాట. ఏది అన్నా అతను అడిగిన ప్రశ్న అడిగినట్టే మిగిలిపోతుంది. నా కోపమంతా ఈ రెండు మాటల మీదే.

ఆ ఫైలు వెనక ఎంత పని ఉందో తెలిసినవాడెవడూ వాటిని నోటికి రానివ్వడు. అపార్ట్‌మెంటులో డ్రమ్స్ వాయిస్తే కింది ఫ్లోరువాళ్లు ఊరుకోరు కాబట్టి కిక్, స్నేర్, హై-హ్యాట్ అన్నిటినీ కంప్యూటర్‌లో ఒక్కో దెబ్బగా పేర్చుకోవాలి. ఆంప్ లేదు కాబట్టి గిటార్‌ని ఆడియో ఇంటర్‌ఫేస్‌కి తగిలించి, ఆంప్ శబ్దాన్ని సాఫ్ట్‌వేర్‌లో వెతుక్కోవాలి. వీధిలో హారన్లు సద్దుమణిగాక, ఇంట్లోవాళ్ల నిద్ర చెడకుండా గొంతెత్తి అరవాలి. అరుపే రాక్ పాటకు ప్రాణమైనచోట, అరవడానికి ఒక గంట దొరకడమే గొప్ప. ఆ తర్వాత ఇన్ని ట్రాకుల్లో ఏది ముందుండాలి, ఏది వెనక ఉండాలి, ఏది ఎడమన, ఏది కుడిన అని ఒక్కో స్లైడరూ కదుపుతూ రోజుల తరబడి కూర్చోవాలి. అదంతా అయ్యేసరికి అతని చెవికి ఆ పాట వినపడడం మానేస్తుంది. పాడిందీ రాసిందీ తనే కనక మాటలు కంఠస్థం. గిటార్ల కింద మాట నలిగిపోయినా అతనికి స్పష్టంగానే తోస్తుంది. మెదడు ఖాళీలు పూరించేస్తుంది. అందుకే బయటి చెవి కావాలంటున్నాడు. అతను పొగడ్త అడగలేదు. తనకు వినపడకుండా పోయింది ఏమిటో చెప్పమన్నాడు.

‘సూపర్ రా’ అనడం మర్యాద అనుకుంటాం. చిన్నవాడు నొచ్చుకుంటాడేమోనని, ఉత్సాహం చచ్చిపోతుందేమోనని, అసలు మనకెందుకొచ్చిన గొడవని. నేను దీన్ని మర్యాద అనను. నాలుగు నిమిషాలు వినమని ఒక మనిషి నోరు తెరిచి అడిగితే, ముప్పై సెకన్లు విని, మధ్యలో ఇంకో మెసేజ్ చూసుకుని, బొటనవేలు బొమ్మ పంపడం అవమానం. తిట్టేవాడు వీళ్లకంటే నయం. తిట్టడానికైనా వినాలి కదా. మొహమాటంతో అన్న ఆ మాటని నమ్మి కుర్రాడు పాటని బయటికి వదులుతాడు. ఊరూ పేరూ తెలియని శ్రోత పదిహేను సెకన్లు విని తర్వాతి పాటకి పోతాడు. ఎందుకు పోయాడో అతను చెప్పడు, చెప్పాల్సిన పని అతనికి లేదు. చెప్పగలిగినవాళ్లు మీరు, చెప్పమని అడిగించుకున్నవాళ్లు మీరు. నోరు నొక్కుకుని కూర్చున్నారు. ఆ కుర్రాడు రెండో పాట చేయకపోతే అందులో మీ వాటా ఉంది.

పెద్ద బ్యాండ్లకి ఈ అవసరం ఉండదనుకుంటే పొరపాటు. మెటాలికా 1988లో తెచ్చిన ‘...అండ్ జస్టిస్ ఫర్ ఆల్’ ఆల్బంలో బేస్ గిటార్ దాదాపుగా వినపడదు. వాయించినవాడు జేసన్ న్యూస్టెడ్. 1986లో స్వీడన్‌లో జరిగిన బస్సు ప్రమాదంలో చనిపోయిన క్లిఫ్ బర్టన్ స్థానంలోకి వచ్చినవాడు. ఆ బ్యాండుతో అతను చేసిన తొలి పూర్తి ఆల్బం అది. డ్రమ్మర్ లార్స్ ఉల్రిక్ బేస్ తగ్గించమని అడిగాడనీ, ఆ నిర్ణయం తనకు నచ్చలేదనీ మిక్స్ చేసిన ఇద్దరిలో ఒకడైన స్టీవ్ థాంప్సన్ తర్వాత బాహాటంగా చెప్పాడు. కచేరీల మధ్య అలిసిపోయిన చెవులతో ఆ పని చూసుకున్నామని గాయకుడు జేమ్స్ హెట్‌ఫీల్డ్ కూడా ఒప్పుకున్నాడు. మూడు దశాబ్దాలు దాటినా అభిమానులు ఆ బేస్ ఏదని అడుగుతూనే ఉన్నారు. స్టూడియో ఉంది, డబ్బుంది, తలపండిన ఇంజనీర్లున్నారు. అయినా ఒక వాద్యం పాటల్లోంచి మాయమైపోయింది. ఇవేవీ లేకుండా కూకట్‌పల్లిలోనో విశాఖలోనో పడకగదిలో ఒంటరిగా కూర్చున్నవాడికి, ‘బేస్ వినపడట్లేదు’ అని నిజం చెప్పే ఒక్క మనిషి ఎంత అవసరమో మీరే ఆలోచించండి.

అయితే ఆ నిజం చెప్పడానికి మీకు హక్కు రావాలి. బేస్ వినపడట్లేదన్నారు సరే, దేంట్లో విన్నారు? ఫోన్ స్పీకర్‌లోనా? బేస్ గిటార్‌లో అన్నిటికంటే లావుపాటి తీగని ఖాళీగా మీటితే వచ్చే స్వరం సుమారు 41 హెర్ట్జ్. మీ అరచేతిలో ఉన్న ఆ చిన్న స్పీకర్ అంత మంద్రాన్ని పలికించలేదు. మీరు విన్నది ఆ స్వరం పైన పేరుకున్న హార్మోనిక్స్ మాత్రమే. కిక్ డ్రమ్ కింది బరువుకీ అదే గతి. బేస్ తేలిపోయినా దద్దరిల్లినా ఫోన్ ఒకేలా చూపిస్తుంది. ఫోన్‌లో వినడం నేరమని నేననడం లేదు. రేపు పాట వినేవాళ్లలో చాలామంది అలాగే వింటారు, కాబట్టి అది తెలుసుకోవలసిన సంగతే. ‘ఫోన్‌లో విన్నాను, బేస్ జాడ లేదు’ అని చెప్పండి. ఆ ‘ఫోన్‌లో విన్నాను’ అన్న రెండు మాటలు ఎగ్గొట్టారా, మీ అభిప్రాయం తప్పుడు సాక్ష్యం. ఆ సాక్ష్యం నమ్మి అతను బేస్ పెంచుతాడు, కారులో విన్నవాళ్ల డోర్లు అదురుతాయి, వాళ్లు తగ్గించమంటారు. ఇలా ఎవరి మాట విన్నా నష్టపోయేది పాటే.

ఎంత గట్టిగా విన్నారన్నది ఇంకో లెక్క. 1933లోనే అమెరికాలో బెల్ లేబొరేటరీస్‌కి చెందిన ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు పరిశోధకులు చెవికున్న ఒక గుణాన్ని కొలిచి చూపించారు. శబ్దం తగ్గించి వింటే మనిషి చెవికి మధ్య స్థాయి శబ్దాల కంటే కింది శబ్దాలు, బాగా పై శబ్దాలు ఎక్కువగా తగ్గిపోయినట్టు అనిపిస్తాయి. శబ్దం పెంచేకొద్దీ అవి తిరిగి నిండుకుంటాయి. రాత్రి పక్కవాళ్లకి వినపడకుండా సన్నగా విన్నవాడికి పాట పలచగా ఉంటుంది. అదే పాట ఆదివారం మధ్యాహ్నం గట్టిగా పెట్టుకున్నవాడికి నిండుగా ఉంటుంది. పాట మారలేదు. తొంభై ఏళ్ల కిందటే తేలిపోయిన ఈ సంగతి తెలుసుకోకుండా తీర్పులిచ్చేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది. పాట చేసినవాడు పాతదీ కొత్తదీ రెండు మిక్సులు పంపి ఏది బాగుందంటే, మనవాళ్లు గట్టిగా ఉన్నదాన్నే వేలెత్తి చూపిస్తారు. ఒక్క డెసిబెల్ తేడా ఉన్నా గట్టిదే మెరుగనిపిస్తుంది, అది చెవికి పుట్టుకతో వచ్చిన బలహీనత. రెండింటినీ ఒకే శబ్దానికి తెచ్చి వినేంత ఓపిక లేకపోతే తీర్పు చెప్పే పని పెట్టుకోకూడదు.

ఇక అతని గది. దీని గురించి మన దగ్గర మాట్లాడేవాళ్లే లేరు, కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. మన ఇళ్లలో పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు గదులు ఎక్కడ చూసినా ఉంటాయి. శ్లాబు కూడా పది అడుగుల ఎత్తునే. నున్నటి సిమెంటు గోడలు, కింద టైల్స్. అలాంటి గదిలో ఎదురెదురు గోడల మధ్య నిలిచిపోయే మొదటి ధ్వని తరంగం సుమారు 56 హెర్ట్జ్ దగ్గర వస్తుంది. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ ఒకటే కావడంతో మూడు దిక్కులా అదే ఫ్రీక్వెన్సీ పోగుపడుతుంది. బేస్ గిటార్ మీద ‘ఎ’ తీగని ఖాళీగా మీటితే వచ్చేది 55 హెర్ట్జ్. లెక్క చూడండి: సరిగ్గా ఆ ఒక్క స్వరమే మూలల్లో గోడలు అదిరేలా మోగుతుంది, గది నట్టనడుమ దాదాపు మాయమవుతుంది. కుర్చీ నడుమ వేసుకున్నవాడు ఆ స్వరం చాలడం లేదని పెంచుతూ పోతాడు. గోడకి ఆనుకుని కూర్చున్నవాడు తగ్గిస్తూ పోతాడు. గది అబద్ధం చెబుతోందని ఇద్దరికీ తెలియదు. ఇక్కడే బయటి చెవి విలువ. ‘బేస్ ఎక్కువైంది’ అని ఊరుకుంటే అతను మొత్తం బేస్‌ని తగ్గించి ఉన్న కాస్త బలాన్నీ పోగొట్టుకుంటాడు. ‘పల్లవిలో ఒకటి రెండు స్వరాల దగ్గరే బేస్ ఉబ్బుతోంది, మిగతా చోట మామూలుగానే ఉంది’ అన్నారనుకోండి, తప్పు ఎక్కడుందో అతనికి ఆ క్షణమే తెలిసిపోతుంది. గదిలో కుర్చీ జరుపుతాడు, హెడ్‌ఫోన్ పెట్టుకుని సరిచూసుకుంటాడు. మొదటి వాక్యం పనిని పాడుచేస్తుంది, రెండోది నడిపిస్తుంది. రెంటికీ పట్టే సమయం ఒకటే.

‘వాయిస్ పెంచు’ దగ్గరికి వస్తాను. అన్నిటికంటే ఎక్కువ పాటల్ని పొట్టన పెట్టుకున్నది ఈ మాటే.

సినిమా పాటలో గొంతు అన్నిటికంటే పైన ఉంటుంది. ఉండాలి కూడా. తెర మీద నటుడి పెదవులు కదులుతుంటాయి, ఆ మాట వినపడకపోతే దృశ్యం నిలబడదు. కవి రాసిన చరణం కథ నడుపుతుంది. వాద్యాలు ఆ గొంతుకి చోటిచ్చి పక్కకి తప్పుకుంటాయి. మన తల్లిదండ్రులు, మనం, మన పిల్లలు పుట్టినప్పటినుంచీ వింటున్నది ఆ అమరికే. దాని మీద నాకు గౌరవం ఉంది, ఆ పాటల మీద ప్రేమ ఉంది. కానీ రాక్ ఆ ఇంట్లో పుట్టలేదు. అక్కడ గొంతు గిటార్ల మీద కూర్చోదు, గిటార్ల మధ్య నిలబడి పెనుగులాడుతుంది. ఆ పెనుగులాటే పాట. గొంతుని పైకి లాగి గిటార్లని వెనక్కి తోస్తే మాట స్పష్టంగా వినపడుతుంది, పాట మాత్రం చచ్చిపోతుంది.

రోలింగ్ స్టోన్స్ 1972లో తెచ్చిన ‘ఎగ్జైల్ ఆన్ మెయిన్ స్ట్రీట్’ వినండి. అందులో చాలా భాగం 1971లో దక్షిణ ఫ్రాన్స్‌లో కీత్ రిచర్డ్స్ అద్దెకు తీసుకున్న భవంతి నేలమాళిగలో రికార్డయింది. ఒకరకంగా అదీ ఇంట్లో చేసిన రాక్ పాటే. గొంతు చాలా చోట్ల వాద్యాల్లో మునిగి ఉంటుంది. ఆ మిక్స్ తనకు నచ్చలేదని పాడిన మిక్ జాగరే తర్వాత చెప్పాడు. అయినా రాక్ సంగీతంలో గొప్ప రికార్డుల వరసలో దాన్ని ఈనాటికీ నిలబెడుతున్నది ఆ బురద, ఆ చెమట, ఆ ఇరుకే. 1991లో మై బ్లడీ వాలెంటైన్ బ్యాండు ‘లవ్‌లెస్’లో గొంతుని ఇంకో వాద్యంలాగే, గిటార్ల పొరల్లో ఒక పొరగా వాడింది. స్టూజెస్ బ్యాండు ‘రా పవర్’ 1973లో డేవిడ్ బోయీ చేతి మిక్స్‌తో వచ్చింది. అందులో పాడిన ఇగ్గీ పాప్ 1997లో అదే పాటల్ని తానే మళ్లీ మిక్స్ చేసి చెవులు పగిలేంత గట్టిగా వదిలాడు. రెంటిలో ఏది అసలైనదని అభిమానులు నేటికీ కొట్టుకుంటున్నారు. నేను బోయీ మిక్స్ వైపు ఉంటాను. వంకరగా ఉన్నా దాంట్లో గాలి ఆడుతుంది. మీరు ఇగ్గీ వైపు ఉండొచ్చు. పోట్లాడుకుందాం. ఆ పోట్లాట ఆ పాట తనకు తాను పెట్టుకున్న హద్దుల్లోనే జరుగుతుంది. అందులో ఎవరూ దాన్ని ఇంకో రకం పాటగా మార్చమని అడగరు.

గొంతు వినపడట్లేదని అసలు అనకూడదా? అనాలి. పల్లవికి వచ్చేసరికి గొంతు వెనక్కి పడిపోతుంటే, చరణంలో సగం మాటలు మింగినట్టుంటే తప్పకుండా అనాలి. కానీ ముందు ఒక ప్రశ్న అడగండి: ‘ఇక్కడ గొంతు లోపల ఉండాలనే అనుకున్నావా?’ అవునంటే ఆ లోపలి చోటులో అది బాగా కుదిరిందా లేదా అన్నది మాట్లాడండి. కాదంటే అప్పుడు పెంచమనండి. ఈ ఒక్క ప్రశ్న అడగనివాడు రాక్ పాటకి అభిప్రాయం చెప్పడానికి అర్హుడు కాడు. అంత మాట ఎందుకంటారేమో. అడగకుండా చెప్పిన ప్రతి ‘వాయిస్ పెంచు’ వెనకా, తెలుగులో రాక్ పాట చేయాలనుకున్న ఒక కుర్రాడు తన పాటని మెల్లగా సినిమా పాటలా మార్చుకుంటున్నాడు కాబట్టి. తెలుగులో ఈ సంగీతం ఇంకా కాళ్లు నిలదొక్కుకోలేదు. శత్రువులెవరూ దాన్ని నొక్కిపెట్టలేదు. స్నేహితులే ఒక్కో డెసిబెల్ చొప్పున నొక్కేస్తున్నారు.

కొంచెం తెలిసినవాళ్లతో వచ్చే ప్రమాదం వేరు. వీళ్లు నాలుగు వీడియోలు చూసి ఉంటారు. పాట సగం వినకముందే ‘300 దగ్గర మూడు డీబీ కట్ చెయ్, 3కే బూస్ట్ చెయ్, వోకల్ మీద ఇంకా కంప్రెషన్ వెయ్, ఆ ప్లగిన్ వాడు’ అంటారు. కడుపులో ఎక్కడ నొప్పో చెప్పాల్సిన రోగి తానే మాత్రల పేర్లు చదివినట్టుంటుంది ఇది. ఆ ప్రాజెక్టు ఫైలు మీ దగ్గర లేదు. ఏ ట్రాకు మీద ఇప్పటికే ఏముందో మీకు తెలియదు. మీకు తెలిసింది మీ చెవికి తగిలింది ఒక్కటే. అదే చెప్పండి. ‘రెండు నిమిషాల పది సెకన్ల దగ్గర సోలో మొదలైనప్పుడు స్నేర్ ఉన్నట్టుండి చిన్నదైపోయింది’ అన్నది బంగారంలాంటి వాక్యం. అది ఎందుకు చిన్నదైందో వెతుక్కోవడం అతని పని, ఆ వెతుకులాటలోనే అతను మిక్సింగ్ నేర్చుకుంటాడు.

పైగా మీరు మిక్స్‌లో ఉందనుకున్న రోగం చాలాసార్లు మిక్స్‌లో ఉండదు. పాట మసకగా, ముద్దగా ఉందంటారు. వెళ్లి చూస్తే రెండు గిటార్లూ మెడ మీద ఒకే చోట, ఒకే తీగల మీద, అవే కార్డ్స్ వాయిస్తుంటాయి. గొంతు కూడా ఆ స్థాయిలోనే తిరుగుతుంటుంది. ఫ్రీక్వెన్సీల హెచ్చుతగ్గులు దిద్దే ఈక్యూలు ఎన్ని వేసినా ఆ ముద్ద విడిపోదు. రెండో గిటార్ అవే కార్డ్స్‌ని పై ఫ్రెట్ల దగ్గర పట్టుకుంటే ఒక్క నాబ్ తిప్పకుండానే విడిపోతుంది. డ్రమ్స్ యంత్రంలా ఉన్నాయి, రివర్బ్ వెయ్యమంటారు. కంప్యూటర్‌లో ప్రతి దెబ్బ బలాన్నీ 127 వరకు ఉన్న కొలమానంలో పెడతారు. అన్ని దెబ్బలూ 127 దగ్గరే ఉన్నప్పుడు రివర్బ్ ఏం చేస్తుంది? యంత్రాన్ని పెద్ద హాల్లోకి చేరుస్తుంది. హై-హ్యాట్ ఒకటి గట్టిగా ఒకటి మెల్లగా, స్నేర్ రోల్‌లో చెయ్యి మారినప్పుడు కాస్త తేడాగా దిద్దుకుంటే అందులోకి మనిషి వస్తాడు. గిటార్లు పెద్దగా లేవు, గెయిన్ పెంచమంటారు. అది తిరగబడుతుంది. పొరలు పొరలుగా వాయించిన గిటార్లలో గెయిన్ ఎక్కువైతే ప్రతి మీటుకీ ఉండే అంచు అరిగిపోయి ఈగల మోత మిగులుతుంది. గెయిన్ తగ్గించి రెండుసార్లు వాయిస్తే బరువొస్తుంది. రెండుసార్లు అన్నానని గమనించండి. ఒకసారి వాయించినదాన్ని కాపీ చేసి ఎడమ కుడి వైపులు పెడితే వెడల్పు రాదు. రెండు వైపులా ఒకటే శబ్దం ఉంటే చెవికి అది నట్టనడుమే వినపడుతుంది. నిజంగా రెండోసారి వాయించినప్పుడు వచ్చే చిన్న చిన్న తేడాలే ఆ వెడల్పు.

ఇవి తెలిసినవాళ్లు మన దగ్గర లేరా? ఉన్నారు. హైదరాబాద్ స్టూడియోల్లో రోజూ ఈ పనే చేసేవాళ్లున్నారు. వాళ్లతో నా గొడవ వేరు. కుర్రాడు పాట పంపితే వాళ్లలో చాలామంది నోట వచ్చే మాట: ‘ఇంట్లో చేశావు కదా, ఆ మాత్రం ఉంటుంది.’ పొగడ్తలా వినపడే ఈ మాట ఎంత విషమో అన్నవాళ్లకి తెలియదు. దాని అర్థం, నీ పనిని నేను పనిగా లెక్కపెట్టను అని.

బోస్టన్ అనే బ్యాండు తొలి ఆల్బం 1976లో వచ్చింది. దాని వెనకున్న టామ్ షోల్జ్ ఎంఐటీలో చదివి, పోలరాయిడ్ కంపెనీలో ఇంజనీరుగా పనిచేస్తూ, మసాచుసెట్స్‌లో తన ఇంటి నేలమాళిగలో ఆ పాటల్లో అధిక భాగాన్ని తానే రికార్డు చేశాడు. కంపెనీవాళ్లు సరైన స్టూడియోలో మళ్లీ చేయమన్నారు. అతను ఆ నేలమాళిగని వదల్లేదు. ఆ రికార్డు ఒక్క అమెరికాలోనే కోటీ డెబ్బై లక్షల కాపీలకు సర్టిఫికెట్ పొందింది. 1982 జనవరిలో బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ న్యూజెర్సీలో అద్దె ఇంట్లో నాలుగు ట్రాకుల క్యాసెట్ యంత్రం ముందు మామూలు షూర్ మైకులు రెండు పెట్టుకుని కొన్ని పాటలు పాడుకున్నాడు. తర్వాత బ్యాండుతో స్టూడియోలో అవే పాటలు చేసి చూశారు. నిలబడలేదు. చివరికి ఆ క్యాసెట్టే ‘నెబ్రాస్కా’ ఆల్బంగా బయటికి వచ్చింది. ఇంట్లో చేసింది మెరుగ్గా ఉందని గుర్తించిన చెవులు అతని చుట్టూ ఉన్నాయి, అతనికీ ఉన్నాయి. ఆ గీరుడు, ఆ బోలుతనం పాటకి కావలసినవని వాళ్లు విన్నారు. పాట ఎక్కడ తయారైందన్న లెక్క వాళ్లు వేసుకోలేదు. ఇంట్లో చేసిన పాటకి రాయితీ ఇవ్వకండి. రాయితీ ఇచ్చినవాడు ఇక దాన్ని శ్రద్ధగా వినడు.

‘గట్టిగా లేదు, మార్కెట్లో పాటల్లాగా మోగట్లేదు’ అనేవాళ్లకి ఒక్క మాట. మార్కెట్లో ఉన్న పాట మాస్టరింగ్, అంటే విడుదలకి ముందు జరిగే చివరి మెరుగు, అయి వచ్చింది, మీ చేతిలో ఉన్నది మిక్స్. రెండూ పక్కపక్కన పెట్టి పోల్చాలంటే మార్కెట్ పాటని తగ్గించి వినండి. గట్టిదనం కోసం, శబ్ద శిఖరాల్ని అణిచే లిమిటర్ మీద పడి పాటని పిండేస్తే ఏమవుతుందో 2008లో మెటాలికా ‘డెత్ మాగ్నెటిక్’ చూపించింది. అభిమానులే తిరగబడ్డారు. అవే పాటలు గిటార్ హీరో అనే వీడియో గేమ్‌లో అంత పిండకుండా వచ్చాయి, జనం ఆల్బం కంటే అవే మేలన్నారు. మాస్టరింగ్ చేసిన టెడ్ జెన్సెన్ కూడా, తన దగ్గరికి వచ్చేసరికే మిక్సులు అలా పిండి ఉన్నాయన్నాడు. పైగా ఇప్పుడు స్పాటిఫై మామూలు సెట్టింగులో పాటలన్నిటినీ గట్టిదనాన్ని కొలిచే లెక్కలో మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ దగ్గరికి సర్దేస్తుంది. పిండి గట్టిపరిచిన పాటని అది తగ్గిస్తుంది. అంటే గట్టిదనం పోతుంది, చచ్చిపోయిన డ్రమ్స్ మాత్రం మిగులుతాయి. ఇంత తెలిసీ ఇంకా గట్టిగా కావాలని కుర్రాళ్లని వేధించడం అన్యాయం.

పాట చేసినవాళ్లూ ఒక మాట వినాలి. ‘ఎలా ఉంది?’ అని అడిగితే ‘బాగుంది’ అనే వస్తుంది. ‘రెండో చరణంలో బేస్, కిక్ కలిసిపోతున్నాయా?’, ‘చివరి పల్లవి మొదటిదానికంటే పెద్దగా అనిపిస్తోందా?’ అని అడగండి. అప్పుడు తప్పించుకోవడానికి దారి ఉండదు. వచ్చిన జవాబులన్నీ పాటించాలని లేదు. నలుగురు వేరువేరు చోట విని ఒకే చోట వేలు పెడితే ఆ చోట ఏదో ఉంది, వెతకండి. ఒక్కడే అంటే విని పక్కన పెట్టండి. పాట మీది, చివరి మాట మీదే.

మిగిలిన మనందరికీ ఇదే నా విన్నపం. ఫైలు వచ్చినప్పుడు హెడ్‌ఫోన్ పెట్టుకుని మొదటినుంచి చివరిదాకా ఒకసారి ఊరికే వినండి. రెండోసారి కాగితం దగ్గర పెట్టుకుని వినండి. ఏ నిమిషం, ఏ సెకను దగ్గర ఏది చెవికి అడ్డం వచ్చిందో, ఏది వెంట్రుకలు నిక్కబొడిచేలా చేసిందో రాయండి. బాగున్నచోటు కూడా రాయాలి. లేకపోతే సరిచేసుకునే హడావుడిలో అతను దాన్నే పోగొట్టుకుంటాడు. దేంట్లో విన్నారో, ఎంత గట్టిగా విన్నారో పైన రాసి పంపండి. ఇదంతా కలిపి పదిహేను నిమిషాల పని. ఆ పదిహేను నిమిషాలు లేకపోతే లేవని చెప్పండి, అతను ఇంకొకర్ని అడుగుతాడు. వినకుండా మాత్రం ‘సూపర్ రా’ అనకండి.